తిండి చేతికొచ్చాకే సూది

బెంగళూరు నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమెకు 57 ఏళ్లు, భర్తకు 63. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. నాలుగేళ్ల క్రితం విజయవాడలో ఇల్లు అద్దెకిచ్చి, కృష్ణరాజపురం వైపు ఉంటున్న కొడుకు దగ్గరికి వచ్చేశారు. ఆయనకు షుగర్ వచ్చి 17 ఏళ్లు. మూడేళ్లుగా పొద్దున, రాత్రి 30/70 ఇన్సులిన్ వేసుకుంటున్నారు. దానితోపాటు మాత్రలూ ఉన్నాయి.

మొన్నటి సంక్రాంతికి ఇద్దరూ రాత్రి బస్సులో విజయవాడ బయల్దేరారు. మడివాళలో మొదలయ్యే ఆ బస్సు 9 గంటలకు టిన్ ఫ్యాక్టరీ దగ్గరికి రావాలి. ఆయన రోజూలాగే ఏడున్నరకు ఇంట్లో సూది వేసుకున్నారు. నిండుగా తింటే ప్రయాణంలో ఇబ్బందని రెండు ఇడ్లీలతో సరిపెట్టారు. దారిలో బస్సు ఆపినప్పుడు భోజనం చేద్దామనుకున్నారు. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్న బస్సు పదిన్నరకు వచ్చింది. ఎక్కిన కాసేపటికే ఆయనకు చెమటలు పట్టాయి. బెర్త్ నంబరు విషయంలో క్లీనర్ మీద అరవడం మొదలుపెట్టారు. మాట తడబడింది, నిలబడలేక తూలారు. 'తాగి ఎక్కినట్టున్నాడు, దించేయండి' అని ఎవరో అన్నారు. ఈమె సిగ్గుతో 'నోర్మూసుకుని కూర్చోండి, పరువు తీస్తున్నారు' అని భర్తను కసిరారు. ఎదురు బెర్తు కుర్రాడి తల్లికీ షుగరేనట. అతను చూడగానే గుర్తుపట్టి మామిడి జ్యూస్ ప్యాకెట్ తాగించాడు. ఇరవై నిమిషాల్లో ఆయన మామూలు మనిషయ్యారు. జన్మలో మందు ముట్టని మనిషి. ఆ రాత్రి గురించి భార్యాభర్తలు ఇప్పటిదాకా ఒక్క మాట మాట్లాడుకోలేదు.

అప్పటినుంచి ప్రయాణం ఉందంటే ఆయన సూది మానేస్తున్నారు. ఉగాదికి ఊరెళ్లి మూడు రోజులు వేసుకోలేదు. తిరిగొచ్చి చూసుకుంటే 384. ఇది కొడుక్కీ తెలియదు, డాక్టర్‌కీ తెలియదు. ఇప్పుడు రాబోయే కార్తీకంలో కాశీ, గయ వెళ్లి తల్లిదండ్రులకు పిండప్రదానం చేయాలని ఆయన పట్టుదల. గయలో కార్యం ముగిసేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనంటున్నారు. బస్సులో షుగర్ పడిపోయిందన్నంత వరకే తెలిసిన కొడుకు 'వెళ్లొద్దు నాన్నా, డబ్బు పంపి అక్కడివాళ్లతో చేయిద్దాం' అన్నాడు. ఆ మాటకు తండ్రి వారం రోజులు కొడుకుతో మాట్లాడలేదు. 'ఆయన్ని వెళ్లనివ్వనా, ఆపనా? అబ్బాయికి నిజం చెబితే ఇక ఎక్కడికీ కదలనివ్వడు. చెప్పకపోతే రేపు ఏదైనా జరిగినప్పుడు ఆ పాపం నాదే' అన్నది ఆమె బాధ.

అమ్మా,

మీ నాలుగు పేజీల్లో రెండున్నర పేజీలు ఆ బస్సు గురించే ఉన్నాయి. కాశీ గురించి రాసింది ఒక్క పేజీయే. కాబట్టి నేనూ బస్సు దగ్గరే మొదలుపెడతాను.

మీ వారు వేసుకునే 30/70లో రెండు రకాల ఇన్సులిన్ కలిసి ఉంటుంది. 30 వంతులు త్వరగా పనిచేసేది, 70 వంతులు నిదానంగా పనిచేసేది. త్వరగా పనిచేసేది సూది పడిన అరగంటకు మొదలై, రెండు నుంచి నాలుగు గంటల మధ్య బాగా జోరు మీద ఉంటుంది. ఏడున్నరకు వేసుకున్న సూది తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా జోరు మీద ఉందన్నమాట. పూర్తి భోజనానికి సరిపడే మందు లోపల ఉంది, కడుపులో ఉన్నవి రెండు ఇడ్లీలు. అవీ అప్పటికి అరిగిపోయాయి. పైగా చేతిలో సామాను, రోడ్డు పక్కన గంటన్నర నిలబడటం, బస్సు వస్తుందో రాదోనన్న టెన్షన్. మీరు రాసిన వేళలు చదువుతుంటే, షుగర్ పడిపోకుండా ఉంటేనే ఆశ్చర్యం అనిపించింది.

ఇక ఆ అరుపులు. మెదడు క్షణక్షణం నడిచేది రక్తంలోని గ్లూకోజ్ మీదే. షుగర్ 70 కంటే తగ్గితే శరీరం ముందు చెమట, వణుకు, ఆకలి, గుండెదడతో హెచ్చరిస్తుంది. ఇంకా తగ్గి 54 దిగువకు వెళ్తే మెదడుకే ఆసరా తగ్గిపోతుంది. చూపు మసకబారుతుంది, మాట ముద్దగా వస్తుంది, కాళ్లు తడబడతాయి, అయినదానికీ కానిదానికీ కోపం వస్తుంది. చూసేవాళ్లకు అచ్చం తాగినట్టే ఉంటుంది. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లలో మరో చిక్కు ఉంది. మొదటి హెచ్చరికలు మొద్దుబారిపోతాయి. చెమట, వణుకు తెలిసేలోపే మాట తడబడుతుంది. 17 ఏళ్ల షుగర్ కాబట్టి మీ వారికి అలా జరిగి ఉండొచ్చు. ఈ సంగతి డాక్టర్‌కు తప్పనిసరిగా చెప్పాలి.

ముప్పై ఏళ్లకు పైగా కాపురం చేసి కూడా గుర్తుపట్టలేకపోయానని మిమ్మల్ని మీరు నిందించుకుంటున్నారు. మీకెవరూ నేర్పలేదమ్మా. సూది ఎలా వేయాలో మీ ఇద్దరికీ చూపించారు. షుగర్ పడిపోతే మనిషి ఎలా మారిపోతాడో ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ. నాకూ 19 ఏళ్లుగా షుగర్ ఉంది. ఒకసారి చెన్నైలో బంధువుల పెళ్లికి వెళ్లాను. మాత్ర వేసుకున్నాక టిఫిన్ల దగ్గర ఆలస్యమైంది. మా చెల్లెల్ని పదిమందిలో అనకూడని మాట అన్నాను. ఏమన్నానో ఇప్పటికీ నాకు గుర్తులేదు, దానికి మాత్రం గుర్తుంది. అందుకే మీ వారు ఆ రాత్రి గురించి ఎందుకు నోరు విప్పడం లేదో నాకు అర్థమవుతోంది. ఏం చేశాడో తనకు పూర్తిగా గుర్తుండదు, చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు మాత్రం గుర్తుంటాయి. 'తాగాడు' అన్న మాట చెవిలో పడే ఉంటుంది. కట్టుకున్న మనిషి కసురుకోవడమూ వినిపించే ఉంటుంది.

ఇప్పుడు ఆయన సూది మానేయడాన్ని ఆ కళ్లతో చూడండి. మీరు దాన్ని మొండితనం అని రాశారు. నాకైతే అది పరువు కాపాడుకోవడంలా కనిపిస్తోంది. షుగర్ 384 ఉంటే మనిషి తూలడు, అరవడు, బస్సులో ఎవరూ వేలెత్తి చూపరు. దాహం వేస్తుంది, నాలుగుసార్లు బాత్రూముకు వెళ్లాల్సి వస్తుంది, నీరసంగా ఉంటుంది, అంతే. పడిపోవడం నలుగురిలో జరుగుతుంది, పెరగడం గుట్టుగా జరుగుతుంది. అందుకే ఆయనకు రెండోది క్షేమంగా అనిపిస్తోంది.

కానీ క్షేమం కాదు. రోజుల తరబడి సూది లేకుండా ఉంటే ఒంట్లో నీరంతా మూత్రంలో పోతుంది. ఊరుకాని ఊళ్లో విరేచనాలో జ్వరమో తోడైతే ఈ వయసులో షుగర్ 600 దాటి స్పృహ తప్పే స్థితి దాకా పోవచ్చు. కాలికి చిన్న దెబ్బ తగిలినా పుండు పడుతుంది. విజయవాడలో మూడు రోజులు గడిచిపోయాయి. కాశీ, గయ అంటే పది పన్నెండు రోజులు. కాబట్టి 'సూది మానేసి యాత్ర' అన్న దారి ఒక్కటే నేను గట్టిగా వద్దనేది. మిగతావన్నీ మీ కుటుంబం కూర్చుని తేల్చుకోదగినవే.

అబ్బాయికి చెప్పాలా వద్దా అని అడిగారు. మూడు విధాలుగా ఆలోచించొచ్చు. చెప్పకుండా దాచితే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. కానీ దారిలో ఏదైనా అయితే ఫోన్‌లో అబ్బాయి అడిగే మొదటి ప్రశ్నకే మీ దగ్గర జవాబు ఉండదు. పైగా డాక్టర్ రాసే మోతాదు ఆయన రోజూ వేసుకుంటున్నారన్న నమ్మకంతో రాసేది. మానేసిన రోజుల వల్ల హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) పెరిగితే, అది చూసి డాక్టర్ మోతాదు పెంచవచ్చు. ఆ పెరిగిన మోతాదు ఆయన సరిగ్గా వేసుకున్న రోజు మళ్లీ బస్సు రాత్రే. దాచడంలో అసలు ప్రమాదం ఇది. రెండోది, ఆయనకు తెలియకుండా మీరు అబ్బాయి చెవిలో వేయడం. అబ్బాయి కోప్పడతాడు, ఆయన మీ మీద నమ్మకం పోగొట్టుకుంటారు. ఆ తర్వాత గ్లూకోమీటర్‌లో వచ్చిన అంకె మీకు కూడా చెప్పరు. ఇన్సులిన్ వేసుకునే మనిషి ఇంట్లో అంకెలు దాచడం మొదలుపెడితే అంతకంటే కష్టం లేదు.

మూడోది కాస్త ధైర్యం కావాల్సింది. ముందు మీరిద్దరే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆయన తప్పులా కాకుండా మీ అవసరంలా చెప్పండి. 'సంక్రాంతికి బస్సులో ఈయనకు షుగర్ పడిపోతే నేను గుర్తుపట్టలేకపోయాను. ఆ భయంతో ప్రయాణాల్లో సూది మానేస్తున్నాం. కార్తీకంలో కాశీ వెళ్లాలి. నాకు నేర్పండి' అనండి. 'మానేస్తున్నారు' అనొద్దు, 'మానేస్తున్నాం' అనండి. ఇన్నాళ్లు తెలిసీ ఊరుకున్నారు కాబట్టి అది అబద్ధం కూడా కాదు. డాక్టర్ కాగితం మీద ప్రయాణం ఏర్పాట్లు రాసిచ్చాక, ఆ కాగితం అబ్బాయికి ఆయన చేతే చూపించండి. అప్పుడు అబ్బాయి ముందు ఉండేది తండ్రి దాచిన తప్పు కాదు, తండ్రి వేసుకున్న పథకం. అప్పటికీ వద్దంటాడేమో. అనవచ్చు, అతని భయం అతనిది. బస్సులో లేని మనిషి కాబట్టి అతను ఊహించుకున్నది జరిగినదానికంటే పెద్దదిగా ఉంటుంది. 'డబ్బు పంపి చేయిద్దాం' అన్నది కూడా తండ్రిని పోగొట్టుకోకూడదన్న ఆరాటంతోనే అని మీ వారికి మీరు చెప్పగలరు. ఆ ఇద్దరి మధ్య ఇప్పుడు మాట మోయగలిగింది మీరొక్కరే.

ప్రయాణంలో సూది సంగతికి వస్తాను. ఇంట్లో ఏడున్నరకు సూది, ఎనిమిదికి భోజనం అన్నది సరైన అలవాటే. ఎందుకంటే ఎనిమిదికి కంచం ముందుకొస్తుందని ఖాయంగా తెలుసు. దారిలో ఆ ఖాయం ఉండదు. బస్సు ఆలస్యమవుతుంది, రైలు సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది, సత్రంలో మొదటి పంక్తి నిండిపోతుంది. అందుకని ప్రయాణంలో గడియారం చూసి సూది వేసుకోకూడదు. తినబోయే తిండి చేతిలోకి వచ్చాక వేసుకోవాలి. బస్సు ఆపే హోటల్లో దొరుకుతుందిలే అన్నది చేతిలో ఉన్నట్టు కాదు. డబ్బాలో చపాతీలు, కూర మీ ఒడిలో ఉంటే అది చేతిలో ఉన్నట్టు. సాధారణ 30/70 అయితే వేసుకున్న అరగంటకు తినాలి. కొత్త రకం మిశ్రమాలైతే తినే ముందే వేసుకోవచ్చు. మీ వారిది ఏ రకమో డాక్టర్‌ను అడిగి పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి. గంట అటూ ఇటూ అయితే ఫరవాలేదా, ఎంత దాటితే ఆ పూట మోతాదు మార్చాలి అన్నవి కూడా ఆ కాగితం మీద రాయించుకోండి. యూనిట్ల లెక్క నేను చెప్పను. ఆయన్ను చూడకుండా చెప్పకూడదు.

షుగర్ పడిపోతే ఏం చేయాలో మాత్రం మీకు నోటికి రావాలి. ఆయన తెలివితో ఉండి మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజ్ ఇవ్వాలి. గ్లూకోజ్ పొడి మూడు టీ స్పూన్లు నీళ్లలో కలిపి తాగిస్తే దాదాపు అంత. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. 70 దాటకపోతే మళ్లీ అంతే ఇవ్వాలి. దాటాక బిస్కెట్లో ఇడ్లీయో ఏదైనా తినిపించాలి. లడ్డూ, కోవా, చాక్లెట్ ఆ క్షణానికి పనికిరావు. వాటిలోని నెయ్యి, కొవ్వు వల్ల తీపి రక్తంలోకి ఆలస్యంగా వెళ్తుంది. ఇంకో చిన్న విషయం ఉంది, చాలామందికి తెలియదు. ఆయన మాత్రల్లో వోగ్లిబోస్ లేదా అకార్బోస్ ఉంటే పంచదార, జ్యూస్ కూడా త్వరగా పనిచేయవు, గ్లూకోజే కావాలి. కాబట్టి మీ చేతిసంచిలో ఒక ప్యాకెట్, ఆయన చొక్కా జేబులో చిన్న పొట్లం గ్లూకోజ్ ఎప్పుడూ ఉండనివ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 112కు ఫోన్ చేయాలి. రైల్లో అయితే 139కి చెబితే వచ్చే స్టేషన్లో వైద్యసాయం ఏర్పాటు చేస్తారు.

కాశీకి ఎలా వెళ్లాలన్నది ఇంకో చిక్కుముడి. బెంగళూరు నుంచి సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్ ఉంది. అందులో మొఘల్‌సరాయ్‌లో, అంటే ఇప్పటి దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగితే కాశీ దగ్గరే. రైల్లో రెండు రాత్రులు గడపాలి. ఖర్చు తక్కువ, పడుకుని వెళ్లొచ్చు, సూదికీ తిండికీ తీరిక ఉంటుంది. కానీ రెండు రోజులు కదలకుండా కూర్చుంటే షుగర్ పెరుగుతుంది, కాళ్లు వాస్తాయి. రెండో రోజు నుంచి తిండి బయటిదే. పీఎన్‌ఆర్ నంబరుతో ముందే ఆర్డర్ చేస్తే సీటు దగ్గరికి తెచ్చిస్తారు. రైలు ఆలస్యమైతే అదీ ఆలస్యమే, కాబట్టి భోజనం అందాకే సూది. విమానమైతే ఆకాశంలో ఉండేది రెండున్నర గంటలే, అలసట తక్కువ. కానీ తెల్లవారుజాము విమానమైతే దేవనహళ్లి విమానాశ్రయానికి చేరడానికి కృష్ణరాజపురం నుంచి మూడింటికే బయల్దేరాలి. నిద్ర పోతుంది, రోజు మొత్తం వేళలు తప్పుతాయి. అందుకే విమానం అనుకుంటే పదకొండు, పన్నెండు గంటలది చూసుకోండి. పొద్దున ఇంట్లోనే సూది, టిఫిన్ అయిపోతాయి. ఇన్సులిన్ మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. లగేజీలో వేస్తే విమానం అడుగున గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. సూదులు ఉంటాయి కాబట్టి డాక్టర్ చీటీ వెంట పెట్టుకోండి.

కాశీ చేరాక ఇంకో తేడా వస్తుంది. ఇంట్లో రోజుకు రెండు వేల అడుగులు వేసే మనిషి అక్కడ ఘాట్ల మెట్లు, గల్లీలు తిరిగి పది వేలు నడుస్తాడు. నడక ఇన్సులిన్‌కు బలం ఇస్తుంది. పగలు బాగా తిరిగిన రోజు రాత్రి నిద్రలో షుగర్ పడిపోవచ్చు. పడుకునే ముందు తప్పకుండా ఒకసారి చూడండి. ఆ అంకె ఎంతకంటే తక్కువ ఉంటే ఏదైనా తిని పడుకోవాలో కూడా డాక్టర్ కాగితంలో ఉండాలి. పరీక్షకు ముందు చేతులు కడిగించండి. వేలికి ప్రసాదమో అరటిపండో అంటుకుని ఉంటే మీటర్ 200 అని చూపిస్తుంది, అసలు 90 ఉండొచ్చు. గుళ్లో చెప్పులుండవు కాబట్టి రోజూ రాత్రి ఆయన అరికాళ్లు మీరు చూడండి. స్పర్శ తగ్గిన కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. గంగలో స్నానం అయ్యాక వేళ్ల మధ్య తడి తుడవాలి. కొత్త చెప్పులు కొనుక్కుని యాత్రకు వెళ్లొద్దు, అలవాటైనవే తీసుకెళ్లండి.

ఇక గయ. మీ ఉత్తరంలో అన్నిటికంటే గట్టి ముడి ఇదే. అందుకే దీని మీద ఎక్కువ ఆలోచించాను.

ఫల్గు నది ఒడ్డు, విష్ణుపాదం, అక్షయవటం, ఈ మూడు చోట్ల కార్యం పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటిపోవచ్చు. 30/70 పూర్తిగా వేసుకుని రెండింటిదాకా తినకపోతే కార్యం మధ్యలోనే పడిపోతారు. పూర్తిగా మానేస్తే సాయంత్రానికి షుగర్ ఎక్కడికో వెళ్తుంది. కానీ మధ్యలో దారులున్నాయి. ఉపవాసం ఉండే షుగర్ రోగులకు మందులు సర్దడం డాక్టర్లకు కొత్త కాదు. ఏటా రంజాన్ నెలలో ఎంతోమందికి వేళలు, మోతాదులు మార్చి రాస్తుంటారు. ఆ ఒక్క రోజుకు మోతాదు మార్చడమా, లేక నెల ముందు నుంచే రోజుకోసారి వేసుకునే నిదానం ఇన్సులిన్, భోజనానికి వేరే ఇన్సులిన్ అన్న పద్ధతికి మార్చడమా అన్నది అడగండి. రెండో పద్ధతిలో భోజనం లేకపోతే భోజనం సూది ఉండదు, కాబట్టి వెసులుబాటు ఎక్కువ. కానీ సూదులు పెరుగుతాయి, అలవాటుకు నెలా రెండు నెలలు కావాలి. ఆయన మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి ఉంటే ఆ సంగతి కూడా ఎత్తండి. తిండి, నీళ్లు లేకుండా ఉండే రోజుల్లో వాటివల్ల ఒంట్లో ఆమ్లాలు పేరుకునే ప్రమాదం ఉంది. ముందే ఆపమంటారేమో తెలుసుకోండి. అసలు ఉపవాసమే వద్దని డాక్టర్ అనవచ్చు. ఆ మాట కూడా మీ వారే నేరుగా వినాలి.

పచ్చి మంచినీళ్లు ముట్టనన్న పట్టుదల గురించి మీ పురోహితుడితో మాట్లాడండి. వ్రతానికి భంగం కలిగించనివి ఎనిమిది అని పెద్దలు చెప్పే శ్లోకం ఒకటుంది. నీరు, దుంపలు, పండు, పాలు, ఔషధం ఆ ఎనిమిదిలో ఉన్నాయి. అది వ్రతాల గురించి చెప్పింది. పిత్రుకార్యానికి మీ ఆచారంలో ఎలా వర్తిస్తుందో మీ పురోహితుడే చెప్పాలి. మీరు చెప్పినా, నేను చెప్పినా మీ వారికి అది సాకులా వినిపిస్తుంది. మీ కుటుంబ పురోహితుడి నోట వస్తే ఆయన మనసు కుదుటపడుతుంది. కార్యం పొద్దున్నే మొదలుపెట్టి త్వరగా ముగించేలా మాట్లాడుకోవడం ఒక వెసులుబాటు. విజయవాడలో ఉన్న మరిది గారు కూడా వస్తానన్నారని రాశారు. ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకోండి. షుగర్ 70 దిగువకు వస్తే తమ్ముడు కొనసాగించడం, అన్న లేచి గ్లూకోజ్ తాగడం అని ముందే అనుకుంటే, ఆ క్షణంలో వాదన ఉండదు. మొత్తం తమ్ముడికే అప్పగించి, మీ వారు పక్కన కూర్చుని చూడటం ఇంకో దారి. ఒంటికి అన్నిటికంటే క్షేమం అదే. కానీ పెద్దకొడుకుగా కర్త స్థానం వదులుకోవడం ఆయనకు ఎంత భారమో మీకే తెలుసు. నేనైతే అది చివరి దారిగానే ఉంచుతాను. డబ్బు పంపి చేయించడం ఆయన మనసు దాటి జరిగితే, కార్యం జరిగినా ఆ లోటు ఇంట్లో మిగిలిపోతుంది. ఒకవేళ డాక్టర్ ప్రయాణమే వద్దంటే, అప్పుడు ఆ దారిని ఆయనే ఎంచుకునేలా సమయం ఇవ్వండి.

కార్తీకానికి ఇంకా వ్యవధి ఉంది. దానికి ముందు ఒక రోజు లేపాక్షి వెళ్లి రండి. బెంగళూరు నుంచి సుమారు 120 కిలోమీటర్లు. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు. బయటి తిండి, రాతి నేల మీద నడక, వేళ తప్పే భోజనం, కాశీలో ఎదురయ్యేవన్నీ చిన్న మోతాదులో అక్కడా ఉంటాయి. సూది ఆయన వేసుకోవాలి, అంకెలు మీరు రాయాలి. ఆ రోజు సరిగ్గా జరిగితే అబ్బాయికి చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. సరిగ్గా జరగకపోతే ఎక్కడ తప్పిందో కాశీకి ముందే తెలుస్తుంది. కార్తీకం నాటికి కుదురుకోలేదనిపిస్తే మాఘానికి వాయిదా వేసుకోవడంలో తప్పులేదు. గయలో ఏడాది పొడవునా కార్యాలు జరుగుతూనే ఉంటాయి. కానీ మాఘంలో కాశీలో చలి ఎక్కువగానే ఉంటుంది. వేళ్లు చల్లబడితే రక్తపుచుక్క రావడం కష్టం, మీటర్ కూడా మరీ చల్లగా ఉంటే పనిచేయదు. దాన్ని శాలువా లోపల పెట్టుకోవాలి.

సంచి గురించి ఒకే ఒక్క హెచ్చరిక చేసి ఆపుతాను, ఎందుకంటే దీనివల్ల ప్రాణాలమీదికి వచ్చే వీలుంది. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. వాటికి ఎర్ర మూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల ఇన్సులిన్‌కు నారింజ రంగు మూత సిరంజి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు ఎక్కువ మందు ఒంట్లోకి పోతుంది. సీసా పగిలి కాశీలో హడావిడిగా కొనాల్సి వస్తే ఇక్కడే పొరపాటు జరుగుతుంది. అందుకని అవసరమైనదానికి రెట్టింపు ఇక్కడే కొనుక్కుని, సగం మీ సంచిలో, సగం ఆయన సంచిలో పెట్టండి. వాడుతున్న సీసా 30 డిగ్రీల లోపు అయితే దాదాపు నాలుగు వారాలు ఫ్రిజ్ లేకుండా ఉంటుంది, కార్తీకంలో ఇబ్బంది లేదు. ఐస్‌కు నేరుగా తగలనివ్వొద్దు. వేసుకునే ముందు అరచేతుల మధ్య దొర్లించి చూడండి, అంతా ఒకేలా పాలలా కనిపించాలి, ఉండలు కనిపిస్తే పక్కన పెట్టేయండి. 'నాకు షుగర్ ఉంది, ఇన్సులిన్ వేసుకుంటాను. నేను తూలుతుంటే నాకు గ్లూకోజ్ ఇవ్వండి' అని తెలుగులోనూ హిందీలోనూ రాసిన చీటీ ఆయన చొక్కా జేబులో ఉండాలి. చీటీ చాలామంది పెట్టుకోరు, సిగ్గుపడతారు. మీ వారికి మాత్రం ఆ చీటీ విలువ అందరికంటే బాగా తెలుసు.

ఇదంతా మొదలుపెట్టే ముందు ఒక పని మిగిలి ఉంది. ఆ రాత్రి కసిరినందుకు మీరు ఇప్పటిదాకా ఆయనతో ఏమీ అనలేదని, ఆ మాట మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదని చివరి పేజీలో రాశారు. డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు పొద్దున, ఆయన సూది వేసుకున్నాక, టిఫిన్ వడ్డిస్తూ చెప్పండి. 'మీరు తాగలేదని నాకు తెలుసు, అప్పుడు నాకు ఏం చేయాలో తెలియలేదు' అంటే చాలు. ఆయన జవాబు చెప్పకపోయినా ఫరవాలేదు. తిననివ్వండి.